ధర్మాస్పత్రిలో జీతం

దానధర్మాల మీద నడిచే సంస్థలో పనిచేసే మనిషి జీతం తీసుకోవచ్చునా? తీసుకోవచ్చునంటే, ఎంత తీసుకోవచ్చును? ప్రశ్న చిన్నదే. కాని దీనికి మన ఇళ్ళలో రెండు సమాధానాలు వినబడుతూ ఉంటాయి. రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. పిల్లో పిల్లవాడో వచ్చి "వికలాంగుల సంస్థలో ఉద్యోగం దొరికింది" అంటే, "ఇంకెక్కడా దొరకలేదా?" అంటాము. అదే సంస్థలో పెద్ద ఉద్యోగికి మంచి జీతం ఇస్తున్నారని పేపర్లో చదివితే, "సేవ పేరు చెప్పి ఇంత తింటారా?" అంటాము. మొదటి మాట ప్రకారం జీతం తక్కువ గనక ఆ ఉద్యోగం తక్కువది. రెండో మాట ప్రకారం జీతం ఎక్కువైతే ఆ ఉద్యోగం పాపం. మరి ఆ పని ఎవరు చెయ్యాలి?

మనవాళ్ళలో ఎక్కువమంది ఈ ఊరికి బ్యాంకులకో, కంప్యూటర్ కంపెనీలకో, ఓడల పనికో, ఆస్పత్రులకో వచ్చినవారు. ధర్మ సంస్థలు, చర్చీలు, విశ్వవిద్యాలయాలు కూడా ఉద్యోగాలిస్తాయన్న సంగతి మనకు తెలియక కాదు. మన లెక్కలో అవి ఉండవు. నిజానికి సింగపూరులో వైద్యమూ చదువూ చాలావరకు ఈ మూడు చోట్లే మొదలయ్యాయి. ఈనాడు వేలాది రోగులు వెళ్ళే టాన్ టాక్ సెంగ్ ఆస్పత్రికి 1844లో పునాది పడింది ఆ పేరుగల వర్తకుడి దానంతో. అది దిక్కులేని రోగుల కోసం. 1905లో వెలిసిన వైద్య పాఠశాలకు టాన్ జియాక్ కిమ్ అనే పెద్దమనిషి ముందు నిలబడి ఊరంతా తిరిగి 87,077 డాలర్లు పోగుచేశాడు. అందులో 12,000 ఆయన సొంతం. నేషనల్ యూనివర్సిటీ వైద్య కళాశాలకు మూలం ఆ పాఠశాలే. 1913లో ఆంగ్లికన్ బిషప్ గారి భార్య డాక్టర్ షార్లెట్ ఫెర్గూసన్ డేవీ ఆడవాళ్ళకూ పిల్లలకూ తెరిచిన చిన్న మందులశాల నుంచి సెయింట్ ఆండ్రూస్ మిషన్ ఆస్పత్రి పుట్టింది. మౌంట్ ఆల్వెర్నియా ఆస్పత్రిని 1961లో ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు తెరిచారు. 1950లలో నాన్యాంగ్ యూనివర్సిటీ కట్టేటప్పుడు రిక్షా తొక్కేవారు సైతం తమ రోజు సంపాదన తెచ్చి ఇచ్చారు.

ఈ మూడు రంగాల్లో ఏ ఉద్యోగాలుంటాయంటే, డాక్టర్లకూ నర్సులకూ మాత్రమే కాదు. డయాలిసిస్ కేంద్రాలు, అంత్యదశ రోగులను చూసే హాస్పిసులు, ముసలివాళ్ళ పగటి కేంద్రాలు, కుటుంబ సేవా కేంద్రాలు ఇవన్నీ నడవాలంటే సోషల్ వర్కర్లు, ఫిజియోథెరపిస్టులు, అకౌంటెంట్లు, కంప్యూటర్ తెలిసినవారు, చందాలు పోగుచేసేవారు కావాలి. చర్చివారి ఆస్పత్రుల్లో పాదిరి పని వేరు, వైద్యం పని వేరు. మన గుంటూరు, వేలూరు మిషన్ ఆస్పత్రుల్లో పుట్టినవాళ్ళం మనలోనే ఎంతమందిమి లేము! విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవారితో పాటు పరిశోధన సహాయకులు, లేబరేటరీవారు, లైబ్రరీవారు ఉంటారు.

నేను ఇక్కడ ఒక ధర్మ సంస్థ నడుపుతున్న ఆస్పత్రిలో డాక్టరును. పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవారు పెద్దాస్పత్రి నుంచి మా దగ్గరకు వస్తారు. కొన్ని వారాలుండి, మళ్ళీ నాలుగడుగులు వెయ్యగలిగాక ఇంటికి వెళ్తారు. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఊళ్ళో ఉన్న మా నాన్నగారికి ఫోన్ చేసి చెబితే, ఆయన కాసేపు ఊరుకుని, "అంటే ధర్మాస్పత్రా?" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, బెంగ ఉంది. సర్కారు ఆస్పత్రిని మన జనం ధర్మాస్పత్రి అంటారు. అది డబ్బు లేనివాళ్ళు వెళ్ళే చోటు. మందు ఉంటే ఇస్తారు, లేకపోతే లేదు. ఎందుకు లేదని అడగడానికి నోరు రాదు, ఊరికే ఇస్తున్నారు గనక.

ధర్మం అన్న మాటకు మనకు రెండు అర్థాలున్నాయి. "ధర్మం చెయ్యండి బాబూ" అన్నప్పుడు అది బిచ్చం. "అది నీ ధర్మం" అన్నప్పుడు అది విధి. మొదటిది ఇచ్చేవాడి దయ. ఇవ్వకపోతే నిలదియ్యడానికి లేదు. రెండోది చెయ్యవలసినవాడి బాధ్యత, చెయ్యకపోతే నిలదియ్యవచ్చు. ధర్మ సంస్థ అన్నప్పుడు మనం ఏ ధర్మాన్ని ఉద్దేశిస్తున్నామో తేల్చుకుంటే జీతం సంగతి సగం తేలిపోతుంది.

పూర్వం వైద్యుడూ గురువూ డబ్బు పుచ్చుకునేవారు కారని పెద్దలు చెబుతారు. నాడి చూసినందుకు ఇంత, అక్షరం దిద్దించినందుకు ఇంత అని రేటు లేకపోవడం నిజమే. కాని కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఊరికి పనిచేసేవాళ్ళ మేర ముందు తీసి పక్కన పెట్టేవారు. వైద్యుడికీ పంతులుకీ ధాన్యమో, మాన్యమో, పండగకు బట్టలో ఊరు ముట్టచెప్పేది. అర్చకుడు దేవుడి మాన్యం మీద బతికేవాడు. జీతమన్న పేరు లేదు, అంతే.

క్రైస్తవ మిషన్లలోనూ ఇంతే. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను మొదట వైద్యానికి పంపలేదు, ఘోషా స్త్రీల మధ్య బోధన పనికి పంపారు. ఆవిడ పట్టువిడవకుండా వైద్యం చేసి, 1898 నాటికి ఆస్పత్రి నిలబెట్టింది. త్యాగమూర్తే, సందేహం లేదు. కాని ఆవిడ వెనుక అమెరికాలో చిల్లర పోగుచేసి పంపే లూథరన్ స్త్రీల సంఘం ఉంది. సన్యాసినులు సొంత ఆస్తి వద్దని వ్రతం పడతారు. వారి ముసలితనంలో మఠం చూసుకుంటుంది. అంటే జీతం లేని సేవ ఎక్కడ కనబడినా, వెనుక ఎవరో ఒకరు అన్నం పెడుతున్నారన్నమాట. ఆ పెట్టే చెయ్యి కనబడదు గనక మనం దాన్ని జీతం అనము.

ఇది గుర్తించకుండా "సేవ చేసేవాడు జీతం అడగకూడదు" అని నియమం పెడితే ఏమవుతుంది? ఆస్తి ఉన్నవారు, ఇంట్లో మరొకరి సంపాదన ఉన్నవారు మాత్రమే ఆ పనికి వస్తారు. లేని ఇంట్లో పుట్టి, లేమి ఎలా ఉంటుందో తెలిసిన పిల్ల సోషల్ వర్కరు కాలేదు. సేవ కలిగినవారి కాలక్షేపమైపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది ఆస్పత్రుల్లో పనిచేసినవారికి తెలుస్తుంది. జీతం తక్కువ తీసుకుంటున్నానన్న స్పృహ మనిషిని ఎప్పుడూ మెత్తబరచదు. ఒక్కోసారి జీతంలో వదులుకున్నదాన్ని రోగి దగ్గర వసూలు చేస్తుంది. "నీకోసం నేనింత చేస్తుంటే చెప్పిన మాట వినవా?" అని ముసలాయన మీద కేకలేసేది ఎవరు? చాలాసార్లు డబ్బుకోసం వచ్చినవాడు కాదు, త్యాగం చేస్తున్నాననుకున్నవాడు. వాడికి రావలసిన బాకీ కృతజ్ఞత రూపంలో కావాలి. జీతం తీసుకున్నవాడు తన పని తాను చేశాడు. రోగి అతనికి రుణపడి లేడు. రోగి తల ఎత్తుకుని మంచం దిగి వెళ్ళగలగాలంటే, డాక్టరు జీతం తీసుకోవడమే మర్యాద.

మరి ఎంత? మార్కెట్టులో ఎంత ఇస్తే అంత ఇవ్వాలి, లేకపోతే సమర్థులు రారు అని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. సగం జీతానికి దొరికిన అకౌంటెంటు సగం లెక్కలే రాస్తే నష్టపోయేది రోగులు. కాని ఈ వాదంలో ఒక లొసుగు ఉంది. మార్కెట్టులో సరుకు చూసేవాడూ డబ్బిచ్చేవాడూ ఒకడే. వంకాయ పుచ్చితే రేపు ఆ కొట్టుకు వెళ్ళడు. ధర్మ సంస్థలో డబ్బిచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు. ఇచ్చినవాడు సరుకు చూడడు. పుచ్చుకున్నవాడు ధర చెల్లించలేదు గనక మాట్లాడడు. ఇద్దరి మధ్యా నిలబడి లెక్క తెలిసిన మనిషి ఒక్కడే, ఉద్యోగి. అందుకే మనవాళ్ళు గుడి ఆస్తి చూసేవాడికి యజమాని అని పేరు పెట్టలేదు, ధర్మకర్త అన్నారు. ధర్మ సంస్థలో చిన్న గుమాస్తా కూడా ఆ మేరకు ధర్మకర్తే.

ఈ కాపలా తప్పితే ఏమవుతుందో ఈ ఊరు కళ్ళారా చూసింది. కిడ్నీ రోగుల కోసం 1969లో ఏర్పడిన నేషనల్ కిడ్నీ ఫౌండేషన్‌కు ఒకప్పుడు చందా ఇవ్వని ఇల్లు అరుదు. ఆ సంస్థ ముఖ్య నిర్వాహకుడి ఆఫీసు స్నానాలగదిలో బంగారు పూత కుళాయి పెట్టించారని 2004లో పత్రికలో వచ్చింది. పరువునష్టం దావా వేసింది సంస్థవారే. 2005 జూలైలో విచారణ మొదలైన రెండో రోజుకే దావా విరమించుకున్నారు. ఆలోగా కోర్టులో చాలా సంగతులు బయటపడ్డాయి. ఆయన ఏడాది రాబడి ఆరు లక్షల డాలర్ల దాకా ఉంది. రోగుల సంఖ్య గురించీ, నిల్వ సొమ్ము ఎన్నేళ్ళకు సరిపోతుందన్నదాని గురించీ దాతలకు చెప్పిన మాట వేరు, నిజం వేరు. దేశమంతా భగ్గుమంది. తరవాత 2009లో రెన్ సీ ఆస్పత్రి వ్యవహారంలో ఒక బౌద్ధ సన్యాసికీ, 2015లో సిటీ హార్వెస్ట్ చర్చికి చెందిన సుమారు 5 కోట్ల డాలర్ల వ్యవహారంలో ఆ చర్చి పెద్దలకూ శిక్షలు పడ్డాయి. ఏ మతానికీ మినహాయింపు లేదన్నమాట.

కిడ్నీ సంస్థ విషయంలో జనానికి కోపం తెప్పించింది అంకె ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఈ ఊళ్ళో అంతకంటె ఎక్కువ సంపాదించేవారు లేరా? వాళ్ళ మీద ఎవరికీ కోపం లేదు. దాచడం తెప్పించింది కోపం. చందా డబ్బాలో రెండు డాలర్లు వేసిన మనిషికి ఆ అంకె ముందే తెలిసి ఉంటే వేసేవాడా? వెయ్యడని తెలిసే దాచారు. దాచవలసి వచ్చిందంటే అది జీతం హద్దు దాటిందనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

నాకు తోచిన కొలత ఇదే. దాత ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూస్తూ చెప్పగలిగినంత జీతం న్యాయమైన జీతం. శనివారాల్లో ఎం.ఆర్.టి. స్టేషన్ల దగ్గర స్కూలు పిల్లలు డబ్బాలు పట్టుకుని నిలబడతారు. చందా వేస్తే చొక్కాకు చిన్న కాగితం అంటిస్తారు. హాకర్ సెంటర్లో బల్లలు తుడిచే ముసలమ్మ ఆగి, చిల్లర తీసి వేస్తుంది. ఆవిడ నన్ను "డాక్టరూ, నీకెంత ఇస్తారు?" అని అడిగితే చెప్పగలగాలి. ఆవిడ సంపాదన కంటె అది చాలా ఎక్కువే. అయినా ఏం చదివాను, ఏం పని చేస్తాను, నా ఇంటికి ఎంత కావాలి అని వివరిస్తే ఆవిడ ఒప్పుకుంటుందన్న నమ్మకం ఉండాలి. నా సంజాయిషీ పెరిగిపోతున్న కొద్దీ నా జీతం హద్దుకు దగ్గరపడుతున్నదన్నమాట.

2005 తరవాత ఈ దేశపు నియమాలు కూడా ఇంచుమించు ఈ దారినే నడిచాయి. 2007లో చారిటీ కౌన్సిల్ ఏర్పడింది. ఎక్కువ జీతం పుచ్చుకునే ఉద్యోగుల జీతాలు ఏ మెట్టులో ఉన్నాయో వార్షిక నివేదికలో చెప్పమన్నారు. పాలకవర్గ సభ్యులు ఆ పనికి ప్రతిఫలం తీసుకోకూడదన్నారు. జనం దగ్గర చందాలు ఎత్తడానికయ్యే ఖర్చు వచ్చినదానిలో నూటికి ముప్పై దాటకూడదన్న నియమం ఉంది. కిడ్నీ ఫౌండేషన్ కూడా కొత్త పాలకవర్గంతో నిలదొక్కుకుని నేటికీ రోగులకు డయాలిసిస్ చేస్తున్నది. తప్పు జరిగిందని ధర్మాన్ని మూసెయ్యలేదు, తలుపులు తెరిచారు.

అయితే ఈ కొలత రెండువైపులా కొలుస్తుంది. దాత ఉద్యోగిని అడిగినట్లే, ఉద్యోగి దాతను అడగవచ్చు. "నేనిచ్చిన ప్రతి సెంటూ రోగికే చేరాలి, జీతాలకు పోకూడదు" అని మనలో చాలామంది గొప్పగా అంటారు. రోగికి చేరడమంటే ఏమిటి? రాత్రి రెండు గంటలకు ఒక నర్సు లేచి వచ్చి ముసలాయన్ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం. అలా తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. ఆ నర్సు జీతమే ఆ రోగికి చేరిన ధర్మం. ఆ జీతం చాలక ఆవిడ ఏడాదికే మానేసి వెళ్తే, కొత్తగా వచ్చినావిడకు ఆయన ఏ పక్క నొప్పి ఉందో తెలియదు. గోడ మీద పేరు చెక్కించుకోవడానికి డబ్బిచ్చి, నర్సు జీతానికి ఇవ్వనన్న దాత కూడా ఆవిడ కళ్ళలోకి చూసి ఆ మాట అనగలగాలి.

ధర్మ సంస్థలో చేసేదే సేవ, కంపెనీలో చేసేది స్వార్థం అని నేననడం లేదు. దీనికి మన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితమే చాలు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 1923లో బోస్టన్ చేరడానికి అక్కరకు వచ్చినవాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మ సంస్థ సాయం ఒకటి. ఆ నాయకర్ రంగూన్ వెళ్ళి గడించిన తెలుగువాడు. మనలాగే సముద్రం దాటినవాడు. బోస్టన్‌లో సుబ్బారావు గారు ఆస్పత్రిలో రాత్రి కూలిపని చేసుకుంటూ చదివారు. హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి గొప్ప పరిశోధన చేసినా అక్కడ స్థిరమైన స్థానం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. బోదకాలుకు ఇచ్చే డైఈథైల్ కార్బమజీన్, పసిపిల్లల రక్త క్యాన్సర్ మీద మొదటిసారి పనిచేసిన అమినోప్టెరిన్ ఆయన నాయకత్వంలో అక్కడే వచ్చాయి. ఒక ధర్మ సంస్థ పంపింది, ఒక విశ్వవిద్యాలయం నేర్పింది, ఒక కంపెనీ వాడుకుంది. బోదకాలు తగ్గిన గోదావరి జిల్లా రైతుకు ఆ మందు ఏ రంగం నుంచి వచ్చిందో అక్కర్లేదు.

ధర్మమూ జీతమూ కలిసి బతకగలవని చూడాలంటే హైదరాబాదు వెళ్ళండి. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయ ఉద్యోగం వదిలి 1986లో తిరిగివచ్చారు. సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారు కోటి రూపాయలూ అయిదెకరాల స్థలమూ ఇచ్చారు. 1987లో తెరిచిన ఆ కంటి ఆస్పత్రిలో ఇవ్వగలిగినవారు ఇస్తారు, లేనివారికి ఉచితం. చూసేది మాత్రం ఒకే డాక్టర్లు. వారు జీతం తీసుకునే డాక్టర్లే. అది కూడా ధర్మాస్పత్రే, కాని మా నాన్నగారి గొంతులో పలికిన బెంగ అక్కడ ఉండనక్కర్లేదు.

ఇక ఇటువంటి ఉద్యోగాల్లోకి వెళ్ళాలనుకునేవారికి కొన్ని పనికివచ్చే మాటలు. సంస్థ లెక్కలు చారిటీ పోర్టల్‌లో అందరికీ కనబడతాయి, చేరేముందు చదవండి. లెక్కలు చూపించడానికి వెనకాడే చోట చేరకండి. విశ్వవిద్యాలయంలో పరిశోధన ఉద్యోగాలు చాలావరకు గ్రాంటు ఉన్నన్నాళ్ళే. గ్రాంటు ఎప్పుడు ముగుస్తుందో మొదటే అడగండి. పాస్ మీద ఉన్నవారికి ఇంకొక చిక్కుంది. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు కనీస జీతం నిబంధన ఉంది గనక, తక్కువ జీతానికి చేస్తానని మీరు ముందుకొచ్చినా చట్టం ఒప్పుకోదు. షరతులతో రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టర్లు మెడికల్ కౌన్సిల్ ఒప్పుకున్న చోటే, పైవారి పర్యవేక్షణలో పనిచెయ్యాలి; ఇష్టం వచ్చినప్పుడు మారడానికి లేదు.

ఇంటి సంగతి ఇంకా ముందు చూసుకోవాలి. చదువుకు చేసిన అప్పు, ఊళ్ళో పెద్దవాళ్ళ మందులు, చెల్లెలి పెళ్ళి ఇవి కూడా ధర్మాలే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్లు సేవ చెయ్యకూడదు. అవి తీరేదాకా ఎక్కువ జీతం వచ్చే చోట ఉన్నవాడు ఎవరికీ తక్కువ కాడు. కాని అవి తీరాయో లేదో లెక్క చూసుకోవడం మాత్రం మనమే చెయ్యాలి. అప్పులు తీరిన తరవాత కూడా అవసరాలు పెరుగుతూనే ఉంటాయి. వాటికి హద్దు ఎవరూ గీసి ఇవ్వరు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోది కాదు. ఈ ఏడాది ఒక ప్రైవేటు వైద్య సంస్థ నుంచి నాకు పిలుపు వచ్చింది. జీతం ఇప్పటిదానికి రెట్టింపు పైన. నేనూ మా ఆవిడా కాగితం పెన్సిలు తీసుకుని నాలుగు రాత్రులు లెక్క వేశాము. అప్పు తీరింది. ఊరికి పంపేది పంపగలం. ఇద్దరు పిల్లల చదువుకు దాచేది తగ్గుతుంది గాని ఆగదు. కారు ఉండదు. ఉన్నచోటే ఉండిపోదామనుకున్నాము. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే ఒప్పుకోను. నెల తిరిగేసరికి నా జీతం వస్తుంది. ఎంతో అడిగితే చెబుతాను. మా ఆస్పత్రిలో ముసలివాళ్ళు నాకు దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపుతాను. మళ్ళీ నడవడం వాళ్ళ హక్కు, నడిపించడం నా ఉద్యోగం.

తలిదండ్రులకు ఒక మనవి. మీ అమ్మాయి కాలేజీలో సోషల్ వర్క్ తీసుకుంటానన్నా, అబ్బాయి వికలాంగ పిల్లల స్కూల్లో పాఠం చెబుతానన్నా "వేరే దొరకలేదా?" అనకండి. "జీతం ఎంత? లెక్కలు ఎవరు చూస్తారు? ఎన్నేళ్ళ కాంట్రాక్టు?" అని అడగండి. కంపెనీ ఉద్యోగమైతే అడిగే ప్రశ్నలే అవి. అలా అడిగితే ఆ పనిని కూడా పనిగా గౌరవించినట్లవుతుంది. మన సమాజంలో ఈ రంగాల్లో ఉన్నవారు కొందరున్నారు. ఒక ఆదివారం సాయంత్రం వారిని పిలిచి హైస్కూలు పిల్లలతో మాట్లాడిస్తే బాగుంటుందని నా సూచన. ఏర్పాట్లకు నేను సిద్ధం. సభ్యులు తమ అభిప్రాయాలు తెలియజేయాలని కోరుతున్నాను.